మొయినాబాదు దాకా

తల్లి సారమ్మకు బాగా లేదని తంతి అందగానే, ఢిల్లీలో నర్సుగా ఉన్న ప్రేమమ్మ విమానమెక్కింది. బేగంపేటలో దిగేసరికి తెలంగాణ బందు. బస్సుల్లేవు. సొంతూరు చేవెళ్లకు నడక మొదలుపెట్టింది.

సాయంత్రానికి మొయినాబాదు చేరి, ఇక అడుగు పడక చర్చి ముందు కూలబడింది.

"ప్రేమా!" ఎడ్లబండి ఆపి పక్కింటి సంగయ్య దిగాడు.

"ఢిల్లీ నుంచి రెండు గంటల్ల వచ్చిన అన్నా. పట్నం నుంచి ఈడికి పొద్దంత పట్టింది. అవ్వ బతికున్నదా?"

సంగయ్య బండిలోకి చూపించాడు. గడ్డి మీద గొంగడి కప్పుకొని సారమ్మ పడుకుని ఉంది.

"కదలొద్దంటె ఇనలే. తంతి అందితె బిడ్డ ఆగదు, బస్సుల్లేవు, నడుసుకుంట వస్తది, సగం తొవ్వ నేను పోత అన్నది."

ప్రేమమ్మ బండెక్కి నాడి చూడబోయింది. సారమ్మ ఆ చెయ్యి పక్కకు తీసి, మెల్లగా జరిగి చోటిచ్చింది.

"నా సంగతి తర్వాత. జర పండుకో బిడ్డా."

సంగయ్య ఎడ్లను చేవెళ్ల వైపు మళ్లించాడు.