ఒక్కడు వద్దంటే చాలు

"లేచి, 'డ్రమ్ము వద్దు' అను. అంతే." ప్రార్థన మందిరం మెట్ల దగ్గర సుందర్ రాజ్ భుజమ్మీద చెయ్యేసి అన్నాడు హారిస్. "ఆ మాట నేనే అంటే, నల్లవాళ్లంటే నాకు గిట్టదంటారు. నీ నోట్లోంచి వస్తే ఎవడూ కిక్కురుమనడు."

హారిస్ మేజోళ్ల మిల్లులోనే సుందర్ రాజ్ ఉద్యోగం. గ్రీన్‌కార్డుకి స్పాన్సర్ చేసిందీ ఆయనే. చెయ్యి మెత్తగానే ఉంది గానీ సుందర్ రాజ్‌కి మెడమీద కత్తి ఆనించినట్టుంది.

"సోమవారం నీ ఫైలు నా టేబుల్ మీదికొస్తుంది కదూ?" హారిస్ నవ్వి లోపలికెళ్లాడు.

"ఏమంటాడండీ?" అంది అతని భార్య జ్ఞానమ్మ.

"నీకెందుకు? ఆ మూటేంటి చంకలో?"

"దుప్పటండీ. లోపల చలిగా ఉంటుందని."

"సరే, వెనక బెంచీలో నోర్మూసుకుని కూర్చో."

"ఈ దేశం వచ్చాక తెరిచిందెప్పుడు గనక!"

లోపల క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల ప్రార్థన. పాస్టరు లేడు, పాట లేదు. బెంచీల మీద కళ్లు మూసుకుని మౌనంగా కూర్చోవడమే. దేవుడు కదిలించినవాడు లేచి మాట్లాడతాడు. ఏ పనికైనా ఓట్లు లెక్కపెట్టరు. అందరూ ఒక్క మాటమీదికి రావాలి. ఒక్కడు అడ్డుపడినా ఆ పని ఆగినట్టే.

కెన్యా నుంచి వచ్చిన వఫూలా లేచాడు. "మా దేశంలోనూ మేం క్వేకర్లమే. కాకపోతే ఉత్త మౌనంతో మా ప్రాణం నిండదు. నెలకో ఆదివారం ఇక్కడ పాట, డ్రమ్ము ఉండనిస్తారా?"

"మౌనం మన పద్ధతి. దేవుడి పద్ధతని ఎవరన్నారు? కానివ్వండి," అందో ముసలావిడ. తలలూగాయి.

హారిస్ దగ్గాడు.

సుందర్ రాజ్ వఫూలా వైపు చూశాడు. మంచులో తన కారు కూరుకుపోయిన రోజు మోకాళ్లలోతు దిగి నెట్టినవాడు ఈ వఫూలాయే. అతని పెళ్లామూ జ్ఞానమ్మా వంటింట్లో చేరితే గంటలకొద్దీ గుసగుసలు. కానీ ఫైలు? చించి పారేస్తే? పెట్టె సర్దుకుని బాపట్లలో ఏ మొహం పెట్టుకుని దిగాలి?

లేచాడు. మోకాళ్లు కొట్టుకుంటున్నాయి. ఆ వణుకు చూసి, "ఆత్మ కదిలిస్తోంది," అని ముసలావిడ కళ్లు తుడుచుకుంది.

"పాట... పాడుకోనివ్వండి," అన్నాడు. "డ్రమ్ము మాత్రం వద్దు."

వఫూలా నోరు తెరవబోయి, వెనక బెంచీ వైపు చూసి, మూసుకున్నాడు. సభ నడిపే పెద్దాయన, "అయితే పాట ఉంటుంది. డ్రమ్ము ఉండదు," అన్నాడు. అలవాటు ప్రకారం అందరూ లేచి చేతులు కలుపుకున్నారు. హారిస్ అతని చెయ్యి గట్టిగా నొక్కాడు. పోయిన ప్రాణం తిరిగొచ్చింది సుందర్ రాజ్‌కి. ఇద్దరినీ మెప్పించానని కూడా అనుకున్నాడు.

"ఏమనుకోకు, బ్రదర్," అన్నాడు వఫూలా దగ్గరికెళ్లి. "పాట దక్కించాను. మీ డ్రమ్మే..."

"మాదా?"

వఫూలా గుమ్మం వైపు చూశాడు. జ్ఞానమ్మ దుప్పటి మూటని పొట్టకి అదుముకుని, ఎవరికీ చెయ్యి కలపకుండా వెళ్లిపోతోంది. మూట తలుపుకి తగిలి 'ధుం'మంది.

"పాట మాది, బ్రదర్. డ్రమ్ము మీ ఆవిడది. నిన్నడగాలంటే భయమని నన్నడగమంది."