పండగనాటి సజ్జకంకి

అడవిలో రెక్క విరిగిన ముసలి గోరింక ఒకటి ఉండేది. కార్తీక పున్నమి వచ్చిందంటే అందరికీ దానం చేసే బుద్ధి పుట్టేది. పుచ్చుకోవడానికి మాత్రం ఆ గోరింక ఒక్కతే దొరికేది. ఆ ఏడూ పొద్దెక్కకముందే ఉడుతా, చిలకా పళ్ళు తెచ్చి దగ్గరుండి తినిపించాయి. గోరింకకు ఊపిరాడటం లేదు. అంతలో పందికొక్కు చుట్టాలందరినీ వెంటబెట్టుకుని సజ్జకంకితో వచ్చింది.

"గొంతుదాకా ఉంది నాయనా. ఎల్లుండి తెచ్చిపెట్టు, నీ కడుపు చల్లగుండ," అంది గోరింక.

"పండగనాడు పెడితే దానం పిన్నీ. ఎల్లుండి పెడితే ఖర్చు."

చుట్టాలు చూస్తున్నారు. కాదంటే వచ్చే ఏడు ఇదీ దక్కదని గోరింక గింజ గింజా మింగింది. వాళ్ళు అటు వెళ్ళగానే తిన్నదంతా కక్కేసింది.

మూడోనాటికి ఆకలికి ఆగలేక గెంతుకుంటూ పందికొక్కు కన్నం దగ్గరికి వెళ్ళి, "ఒక్క గింజ పెట్టు నాయనా," అంది.

"మళ్ళీ కార్తీకానికి కనబడు పిన్నీ," అని పందికొక్కు లోపలికి వెళ్ళి, గింజల కుప్ప మీద కూర్చున్న పెళ్ళాంతో అంది: "మొన్న కంకంతా తిన్నది, చూశావుగా. ఇంకా ఆకలేనట. కొందరికి ఎంత పెట్టినా అంతే."