పళ్లకు క్లిప్పులు

“అమ్మా, మెతుకు తగిలినా చెవిదాకా లాగుతోంది!” అని కూతురు ఏడుపు అందుకుంది. ఆ పిల్ల పళ్లకు నిన్ననే క్లిప్పులు వేశారు.

తల్లి కంచం లాక్కుంది. “ఉండు బంగారం, ఇంకా మెత్తగా మెదిపి పెడతాను. నాలుగు రోజులు ఏదీ నమలకూడదన్నారు డాక్టరుగారు.”

తండ్రి చల్లటి నీళ్లు తెచ్చాడు. అన్నయ్య బాలింతకు పెట్టినట్టు వీపు వెనక దిండు పెట్టాడు. పళ్లు సరిగ్గా లేనివారికి ఆ ఇంట్లో ఇంత మర్యాద జరగడం అదే మొదటిసారి.

బల్ల చివర నానమ్మ ఒక క్యారెట్ ముక్కను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు తిప్పుతోంది.

“త్వరగా కానివ్వండత్తయ్యా, గిన్నెలు తోముకోవాలి,” అంది తల్లి, కూతురి కూర మెదుపుతూనే.

“నాక్కూడా ఆ క్లిప్పులు వేయించు అమ్మాయ్,” అంది నానమ్మ.

అందరూ పకపకా నవ్వారు. కూతురు కూడా దవడ పట్టుకుని నవ్వింది.

“భలేవారే! అసలు మీకు పళ్లెక్కడున్నాయండీ?” అంది తల్లి.

అనేశాక ఆమె చూపు అత్తగారి కంచం మీద పడింది. అందరికంటే ముందు ఆమె నవ్వే ఆగిపోయింది.

నానమ్మ నోట్లోని ముక్కను తీసి కంచం అంచున పెట్టింది.

“ఇన్నాళ్లూ నీకు తెలియదేమో అనుకున్నానమ్మా.”