అరువు కళ్లు

సోమశిల మస్తానమ్మ బతికుండగా ఒక్క ఫొటో కూడా దిగలేదు. శవానికి తీసిన ఫొటోలో కళ్లు తెరిపించి, తెల్లారేసరికి ఫ్రేము కట్టివ్వాలి. ఆత్మకూరు స్టూడియోలో ఒంటరిగా కూర్చున్న రూబీకి అది మామూలు పనే. వేరే కళ్లు వెతికే ఓపిక లేక, ఈసారి తన పాస్‌పోర్టు ఫొటోలోని కళ్లే తెచ్చి అతికించింది.

ప్రింటుకు పంపుదామంటే ఫోల్డరులో అన్నీ ఒకేలాంటి ఐకాన్లు. ఓనరు యేసుబాబుకు ఫోన్ చేసింది.

"సెట్టింగ్స్‌లో థంబ్‌నెయిల్స్ ఆన్ చెయ్యమ్మా. బొమ్మలు కనపడతాయి."

ఆన్ చేసింది. చిన్న బొమ్మలు ఒక్కొక్కటే తేలాయి. మస్తానమ్మ కళ్లు తెరిచి చూస్తోంది. ఆ పక్కనే, పాస్‌పోర్టు ఫొటోలో, రూబీ కళ్లు మూసుకుని ఉంది.

"కనపడతా ఉండాయా?" అన్నాడు యేసుబాబు.

"అంతా చీకటైపోయింది. కరెంటు పోయినట్టుండాదన్నా," అంది రూబీ.

నెత్తి మీద ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం ఆగలేదు.