నిలువెత్తు మేర

"మిలిటరీ గోడకున్న పసుపంతా ఎవురో పరాయి ముసిలోడు పీచుతో రుద్ది కడిగేసినాడంట. గేటుకాడ సోడాలమ్మే దేవకమ్మ కండ్లారా చూసిందంట" అంటూ అక్కమ్మ పరుగున వచ్చి మొగుడికి చెప్పింది.

చెంగల్రాయుడు టమోటా తోటలో నిలబడి ఉన్నాడు. తోట అనడానికి అక్కడేమీ మిగల్లేదు. రాత్రి ఏనుగులు దిగాయి.

"ఎప్పుడు కడిగినాడంట?"

"నిన్న సందేళ."

చెంగల్రాయుడికి సంగతి అర్థమైపోయింది. సాయంత్రం గోడమీది అమ్మవారికి పసుపు పోయింది. రాత్రికి తన పంట పోయింది.

"ఈ పొద్దు గూడా టికెట్టు తీసుకోని లోపలికి పోయినాడంట" అని అక్కమ్మ అందించింది.

విరిగిన టమోటా చెట్టుకు ఊతంగా నాటిన కట్టెను ఆయన ఒక్క గుంజు గుంజి భుజాన వేసుకున్నాడు.

"వాని చేత్తోనే మళ్లీ పూయిస్తా. ముక్కు నేలకు రాయిస్తా."

"పసుపు నేను తెస్తా, పద."

యుద్ధం రోజుల్లో తెల్లదొరలు వాళ్ల పల్లెను ఖాళీ చేయించి, ఆ అడవిలో సిపాయిలకు తుపాకీ నేర్పారు. ఇప్పుడది ఏనుగుల అభయారణ్యం. అప్పటి కందకాలను బాగుచేసి, బోర్డు పెట్టి జనానికి చూపిస్తున్నారు. సిపాయిలు గురి నేర్చుకున్న రాతిగోడ నిండా గుండ్లు దిగిన గుంతలే. అమ్మ పోసి తేరుకున్న ముఖంలా ఉంటుంది. మంగళవారం వస్తే పల్లె ఆడవాళ్లు వచ్చి, గోడనే అమ్మవారిగా మొక్కి, ఆ గుంతల్లో పసుపు నింపుతారు. అప్పుడు చూడనట్టు పక్కకు తిరిగి నిలబడటం అడవి వాచర్ మురుగేష్ పని.

గేటు దగ్గర మురుగేష్ అడ్డం వచ్చాడు.

"అన్నా, కట్టె తీసుకోని యాడికి? ఏనుగులొచ్చింది ఆయప్ప వల్ల గాదన్నా. బండి పోవాలని కంచె తీగ మొన్న నువ్వే గదా ఇప్పినావు?"

"నువ్వు టికెట్లు చింపుకో పో అప్పా."

మురుగేష్ వాళ్ల వెనకే నడిచాడు.

గోడ ముందు ఎనభై దాటిన మనిషి. పంచె ఎగగట్టి, పక్కన బిందె పెట్టుకుని, ఇత్తడి చెంబుతో నీళ్లు ముంచుతున్నాడు. గోడంతా కడగలేదు. ఒక చోట మాత్రం నిలువెత్తు మేర, మనిషి వెడల్పున, రాయి తేటగా బయటపడి ఉంది.

"యా ఊరు నీది?"

"తడ."

"తడ నుంచి ఈడికొచ్చి మా అమ్మ పసుపు కడిగేదానికి నీకేం పొయ్యేకాలం వచ్చింది?"

"కడిగేది నిన్ననే అయిపోయిందబ్బా. ఈ పొద్దు నీళ్లు పోసి పోతాను. ఏడాదికి ఒక తూరే."

చెంగల్రాయుడు చెంబును తన్నాడు. అది కందకంలో పడి ఖంగుమంది.

"పెద్దాయన గదన్నా..." అని మురుగేష్ నసిగాడు.

"ఏనుగులు నా తోట తొక్కేటప్పుడు ఎవురన్నా పెద్దా సిన్నా సూసినారా? నువ్వుండు."

అక్కమ్మ పసుపు పొట్లం విప్పి ముసలాయన ముందు పెట్టింది.

"పుయ్యి."

ముసలాయన కట్టె వైపు చూశాడు. బిందెలో వేళ్లు ముంచి పసుపు తడిపాడు. ఒక్కో గుంతలో మెత్తుకుంటూ పైకి వచ్చాడు. ఛాతీ ఎత్తున గుంతలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. అక్కడికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

"ఆడ గూడా!" చెంగల్రాయుడు కట్టెతో ఆయన మోచేతిని ఎగదోశాడు.

ఆయన అక్కడ కూడా పూశాడు. పసుపు నీళ్లు మోచేతుల దాకా కారాయి.

"ఇంగ ముక్కు నేలకు రాయి."

ముసలాయన గోడ పట్టుకుని వంగాడు. మోకాళ్ల మీద కూర్చుని, ముక్కు మన్నుకు రాశాడు. చెంగల్రాయుడికి పొద్దుటి నుంచి మండుతున్న కడుపు కాస్త చల్లబడింది.

అక్కమ్మకు అది చాలలేదు.

"ఉత్త గోడనుకుంటివా? ఊరు ఖాళీ చేయించినాక, కోతకొచ్చిన రాగి చేను ఇడ్సలేక ఈయనోళ్ల అవ్వ, ఇంకొందరు ఆడోళ్లు దొంగతనంగా వచ్చినారు. మా మామ అప్పుడు సంకలో పిల్లోడు. దొర కాల్చమన్యాడు. సిపాయిలు తుపాకులెత్తినారు. ఒక్క గుండు పేల్లేదు! అమ్మ వాటి నోళ్లు కట్టేసింది. తెలుసునా నీకు?"

"తెలుసు."

ముసలాయన ముక్కుకంటిన మన్ను తుడుచుకోలేదు.

"పేల్లేదు. ముందున్న సిపాయి తుపాకీ కింద పెట్టేసినాడు. ఆడోళ్లను నేను కాల్చనన్నాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ దించేసినారు. మర్నాడు ఆయన్ని ఈడ నిలబెట్టి కాల్చినారు. పీనుగకు నీళ్లు గూడా పోయకుండా పూడ్చేసినారు."

చెంగల్రాయుడు గోడ వైపు చూశాడు. నిలువెత్తు మేర. ఛాతీ దగ్గర ఒత్తుగా గుంతలు, అన్నిట్లోనూ ఇప్పుడే పూయించిన పసుపు.

చేతిలోని కట్టెను వీపు వెనక్కి దాచుకున్నాడు.

"బోర్డులో ఈ ముక్క లేదే..." అని మురుగేష్ గొణిగాడు.

అక్కమ్మ కందకంలోకి దిగింది. సొట్టపడిన చెంబును కొంగుతో తుడిచి, బిందెలో ముంచి తెచ్చి రెండు చేతులతో పట్టుకుంది.

"మాకు తెలీదు పెద్దాయనా. మా మామ బతికింది ఆ సిపాయి పెట్టిన బిచ్చం. ఈ వయసులో నువ్వింత దూరం రావద్దు. ఏడాదేడాదికీ ఇంగ మేమే ఆయనకు నీళ్లు పోస్తాము."

ముసలాయన చెంబు అందుకున్నాడు. అందులోని నీళ్లను నేల మీద ఒంపేశాడు.

"వద్దు. మా నాయనకు మీ నీళ్లు వద్దు."