మీరూ రారాదు అత్తమ్మా

"లీవ్ దొరికింది. నాలుగు రోజులు. రేపే సూర్యలంక."

పటాన్‌చెరు కంపెనీ నుంచి శ్రావణ్‌కుమార్ పంపిన మెసేజ్ వచ్చేసరికి నిషిత బర్రె పక్కన గొంతుక్కూర్చుని పాలు పితుకుతోంది. మోకాళ్ల మధ్య చెంబు ఒలకకుండా చూసుకుంటూనే ఫోన్‌కి ముద్దు పెట్టింది. పెళ్లై ఐదు నెలలు. సముద్రం చూపిస్తానన్నది అతను ఇచ్చిన మొట్టమొదటి మాట. లీవ్ దొరక్క అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది.

"ఏందే గంత నవ్వు? బర్రె బెదురుతది" అంది అత్త నర్సింహమ్మ, గడ్డి వేస్తూ.

"ఏం బెదరదు అత్తమ్మా. నా చేతికి మరిగింది."

నిజమే. మొదటి నెలంతా తన్నిన బర్రె ఇప్పుడు ఆమె చెయ్యి తగిలితే చాలు, కదలకుండా నిలబడుతుంది. డిగ్రీ పట్టా చేతికొచ్చిన రోజు కూడా నిషిత అంత మురిసిపోలేదు.

చెంబు లోపల పెట్టి, అరుగు మీద కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంది. ఊరికి పోయినవాళ్లు ఖాళీ చేతులతో రాకూడదు. అలాగని అందరికీ ఒకే రకం గవ్వల దండలు తెస్తే పంచిపెట్టినట్టుంటుంది గాని గుర్తుపెట్టుకుని తెచ్చినట్టుండదు. మామ కొమురయ్యకు చీరాల తువ్వాల. అత్తమ్మకు దేవుడి గూట్లోకి చిన్న శంఖం. పక్కింట్లో ఉండే మామ చెల్లెలు ముత్యమ్మకు పళ్లు లేవు, జీడిపప్పు తెస్తే ఎగతాళి చేసినట్టుంటుంది. తాటిబెల్లం. కర్దనూర్‌లో ఉన్న ఆడబిడ్డ ప్రేమలతకు ఒక చేనేత చీర.

ఇంకొక్క మర్యాద మిగిలింది. పెద్దవాళ్లతో "మేం పోతున్నాం" అనకూడదు. "మీరూ రండి" అనాలి. వాళ్లు "మీరు పోయి రాండ్రి బిడ్డా" అంటారు. అంతే, అయిపోతుంది. పుట్టింట్లో తల్లి నేర్పిన పద్ధతి.

"రేపు సూర్యలంక పోయొస్తం అత్తమ్మా. మీరూ రారాదు."

నర్సింహమ్మ చేతిలోని గడ్డి కింద పెట్టింది. "నిజంగనా?"

నిషిత తలూపక తప్పలేదు.

"పుట్టినకాడికెళ్లి చెరువే సూసిన బిడ్డా. సముద్రమంటే టీవీల సూసుడే. ఇన్నేండ్లల్ల రమ్మన్నోళ్లు లేరు." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మీ మామ గూడ అస్తడు. నన్నొక్కదాన్ని పంపడు."

గోడ మీదుగా ముత్యమ్మ తల లేచింది. "ఏడికి వదినా?"

"సముద్రం కాడికి. కోడలు రమ్మన్నది."

"ఓహో. నన్నైతే పిలిచినట్టు ఇనపడలే."

"మీరు... మీరూ రండి" అంది నిషిత.

"గట్ల నసుగుతవేంది? మనసుల లేకుంటే వద్దుతియ్యి."

"ఉంది అత్తమ్మా."

"ఉంటె సరే. మోకాళ్ల నొప్పులకు ఉప్పునీళ్లు మంచియంట."

పావుగంటలో ప్రేమలత నుంచి ఫోన్. "అందర్నీ తీస్కపోతున్నవంట. ఆడబిడ్డ ఒకతి ఉన్నదని యాదికి రాలేదా నిషితా? పిల్లల్ని వాళ్ల నాయనమ్మ కాడ ఇడిసి మేమిద్దరం అస్తం."

శ్రావణ్ వచ్చేసరికి చీకటి పడుతోంది. నిషిత అతన్ని బర్రె చాటుకి లాక్కుపోయింది.

"నువ్వన్నా చెప్పు."

"నేనెట్ల చెప్త? పిలిచింది నువ్వాయె."

"మాటవరసకు పిలిచిన."

"మా అమ్మకు మాటవరస తెల్వదు నిషితా. రమ్మంటే అస్తది."

నిషిత బర్రె మెడ మీద తల ఆనించింది. ఇద్దరి కోసం ఇస్త్రీ చేసుకున్న బట్టలు, ఇద్దరి కోసం కొన్న చిన్న బ్యాగు గుర్తొచ్చాయి. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? లోపల అత్త ఇనప్పెట్టె తెరిచి, పెళ్లినాటి పట్టుచీర తీసి దులుపుతోంది. ఆ మొహం చూశాక కోపం కూడా రాలేదు. ఇక మిగిలింది సముద్రం ఒక్కటే. ఎంతమంది పక్కనున్నా సముద్రం సముద్రమే కదా. అందరూ లేవకముందే ఒడ్డుకి పోవచ్చు. కాళ్లు తడుపుకోవచ్చు.

అన్నాలయ్యాక అందరూ అరుగు మీద చేరారు. శ్రావణ్ తన దోస్తు దగ్గర అడిగి తెచ్చింది ఏడు సీట్ల బండి. నడపడం వచ్చినది అతనొక్కడికే. నిషిత వేళ్లు మడిచి లెక్కపెట్టింది. శ్రావణ్, మామ, అత్తమ్మ, ముత్యమ్మ, ప్రేమలత, ఆమె భర్త సునీల్‌కుమార్. ఆరుగురు. వెనక కిటికీ పక్కన ఒక సీటు మిగిలింది. ఆమెకు ఊపిరి తిరిగొచ్చింది.

"రేపు నాలుగ్గొట్టంగ బండి కదలాలె. కర్దనూర్ల బిడ్డను, అల్లున్ని ఎక్కించుకొని రింగురోడ్డు ఎక్కుడే" అంది నర్సింహమ్మ. ఆమె గొంతులో చిన్నపిల్ల సంబరం. "నాకు ఇన్నేండ్లు బర్రెదే రంది. ఇంకొకల చెయ్యి పడనియ్యదాయె. గందుకే గడప దాటలే. దేవుని దయ, ఇప్పుడు నిషిత చేతికి మరిగింది. రెండు పూటల పాలు పిండి, పాలకేంద్రంల పోసుకుంట ఇంటికాడ ఉంటది."

ముత్యమ్మ వెంటనే తేల్చేసింది. "అయితే ఆ కిటికీ సీటుల సామాన్లు పెట్టుకుందాం."

శ్రావణ్ భార్య మొహంలోకి చూడలేకపోయాడు. ఆమె వేళ్ల మధ్య నలుగుతున్న కాగితాన్ని మెల్లగా తీసుకుని, చివరి వరుస కింద పెన్ను ఆనించి, తల వంచుకునే అడిగాడు.

"నీకేం తేవాలె నిషితా?"