అద్దాల బీరువా

మూడోసారి ఫ్యూజు పోయేసరికి బండి సరిగ్గా కరెంటు బాబాయ్ షాపు ముందే ఆగింది. ఆగితే ఆగింది, మంచి చోటే ఆగిందనుకున్నాడు డ్రైవర్.

కరెంటు బాబాయ్ అంటే ఆషామాషీ మనిషి కాదు. తీగ వాసన చూసి ఎక్కడ కాలిందో చెప్పేస్తాడు. ఆయన దగ్గుతూ గుమ్మంలోకి వస్తే, మూగబోయిన హారన్లు భయపడి వాటంతట అవే మోగుతాయని వీధంతా చెప్పుకుంటారు. అంత పనివాడికి పట్టింపులూ అన్నే. షాపు మీద బోర్డు కూడా రాయించాడు: "పోలీసు జీపు, పెళ్లి బస్సు, శవాల బండి ముట్టుకోను." మొదటివాళ్లు తిడతారట. రెండోవాళ్లు తొందరపెడతారట. మూడోది ఎందుకో అడిగితే మాట మార్చేస్తాడు.

"ఏంట్రా అబ్బాయ్, ఇంకా బతికే ఉందా ఇది?" అన్నాడు బాబాయ్, వ్యాను చుట్టూ తిరుగుతూ. తలుపుల మీద పాత అక్షరాలకి తెల్లరంగు కొట్టేసి ఉంది.

"ఒకప్పుడు అంబులెన్సు బాబాయ్. నాలుగింటికల్లా చేరాలి. ఈ నెలలో రెండుసార్లు ఆలస్యమయ్యాను. మూడోసారైతే తాళాలు బల్ల మీద పెట్టేసి పొమ్మన్నాడు మా ఓనరు."

"పోతే ఇంకో బండి తోలుకుంటావు."

"మీకేం, మీరు మా అత్తగారిని చూళ్లేదు. ఉద్యోగం లేకుండా ఇంటికెళ్తే కంచంలో అన్నం బదులు ప్రశ్నలు వడ్డిస్తుంది."

బాబాయ్ పకపకా నవ్వి, డాష్‌బోర్డు కింద తల దూర్చాడు. లోపలి నుంచే అరిచాడు. "ఓరి నాయనో! హారను, వైపరు, ఫ్యాను, ఇంజనుకి డీజిలు వదిలే మీట, అన్నీ ఒక్క ఫ్యూజు మీదేనా? ఒకడు సంపాదిస్తే పదిమంది తినే కొంపలా ఉందిరా ఇది."

"అందుకే అది పోగానే బండి ఆగిపోతోంది."

"వెనకాల ఏముంది?"

డ్రైవర్ షాపు మీది బోర్డు వంక ఓసారి చూశాడు. "బీరువా బాబాయ్. అద్దాల బీరువా. తలుపు మాత్రం తియ్యొద్దు, మీదపడి పగిలిందంటే నా పని గోవిందా."

బాబాయ్ ఇంకో ఫ్యూజు పాడు చెయ్యలేదు. ఫ్యూజు ఉండాల్సిన చోట రెండు తీగలు కట్టి, వాటికి పాత హెడ్‌లైటు బల్బు తగిలించాడు.

"ఫ్యూజయితే టప్పున చచ్చూరుకుంటుంది. బల్బు చావదు. ఎక్కడో తీగ బాడీకి తగిలిందనుకో, భగ్గున వెలిగి చెబుతుంది. దొంగని దీపం పెట్టి పట్టడమంటే ఇదే."

తాళం తిప్పారు. ఇద్దరూ బల్బు వంక చూస్తూ కూర్చున్నారు.

కాసేపు గుడ్డిగా మినుకుమంది. తర్వాత భగ్గుమంది. ఆరింది. మళ్లీ భగ్గుమంది. ఆరింది. మళ్లీ.

"బండి కదలట్లేదు. గాలి కూడా లేదు. ఇదేంట్రా కన్ను కొడుతోంది?" అన్నాడు బాబాయ్.

ఒక్కో తీగా పీకి చూశాడు. హారను తీగ పీకాడు, బల్బు భగ్గుమంది. వైపరు తీగ పీకాడు, భగ్గుమంది. చివరికి మూలనున్న ఎర్ర తీగ లాగాడు. దాని కొస బోసిగా ఉండి ఇనుపరేకుకి ఆనుకుని ఉంది. పక్కకి లాగగానే బల్బు మళ్లీ గుడ్డిదైపోయింది.

"దొరికాడు! ఏంట్రా ఈ తీగ?"

"అంబులెన్సు రోజుల్నాటి బెల్లుది. వెనకాల స్ట్రెచరు పక్కన స్విచ్చి వేలాడుతుంటుంది. రోగి నొక్కితే ముందు మోగేది. బెల్లు ఎప్పుడో ఎవరో ఊడబీక్కుపోయారు."

బాబాయ్ గడ్డం గోక్కున్నాడు. "అయితే స్విచ్చి నొక్కితేనే కదా ఇందులోకి కరెంటొచ్చేది? నొక్కకుండా ఎలా షార్టయింది?"

"బీరువా దాని మీదికి ఒరిగుంటుంది బాబాయ్."

"ఒరిగితే వెలిగే ఉండాలిరా. ఆరుతూ వెలుగుతూ ఉంటే?" అని, సరదాగా తీగ కొసని మళ్లీ రేకుకి ఆనించాడు. బల్బు రెండుసార్లు టకటకా వెలిగింది. బాబాయ్ తొడ చరుచుకున్నాడు. "ఒరేయ్, నీ బీరువా బెల్లు కొడుతోందిరో! మంచినీళ్లు కావాలేమో అడుగు!"

డ్రైవర్ నవ్వలేదు. గడియారం చూసుకున్నాడు. మూడూ ఇరవై.

"పోనీ వెనక తలుపు తీసి ఒక్కసారి ఆ స్విచ్చి చూసొస్తాను, ఎంతసేపు?" అంటూ బాబాయ్ లేవబోయాడు.

డ్రైవర్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు బాబాయ్. మీకు దణ్ణం పెడతాను. తీగ కత్తిరించేయండి."

"సరే, నీ బండి, నీ ఇష్టం."

బాబాయ్ కటింగ్ ప్లేయరు తీశాడు. బల్బు ఇంకోసారి వెలిగింది. ఈసారి చాలాసేపు ఆరలేదు. డ్రైవర్ అటు చూశాడు. మళ్లీ గడియారం చూశాడు.

కటుక్కుమంది. బల్బు గుడ్డిదైపోయింది.

కొసలకి టేపు చుట్టి, కొత్త ఫ్యూజు పెట్టి, బాబాయ్ బానెట్టు మీద గట్టిగా ఒకటి చరిచాడు. "ఇంక నీ బీరువా తెల్లారేదాకా కొట్టుకున్నా ఈ ఫ్యూజు పోదు. పో!"

నిజంగానే పోలేదు.

నాలుక్కి ఐదు నిమిషాలుండగా బండి శ్మశానం గేటులో ఆగింది, అక్కడ ఎదురుచూస్తున్న కొడుకులిద్దరూ దగ్గరికి వచ్చేలోపే డ్రైవర్ వెనక తలుపు తీసి లోపలికెక్కి, ఇంకా వెచ్చగానే ఉన్న పెద్దాయన గుప్పిటలోంచి ఒక్కో వేలూ విప్పుతూ ఆ బెల్లు స్విచ్చిని లాగేసి, దుప్పటి ముఖం మీదికి మళ్లీ కప్పాడు.